జాతర లోపు ఫిల్ము డెవలపర్: మామ ఇచ్చిన పాత డబ్బాలతో ప్రాజెక్టు డైరీ

మార్చి 9

చిత్తూరు నుంచి రెండు అట్టపెట్టెలు ఇంటికి చేరాయి. మా మేనమామ అక్కడ ముప్పై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాడు. డిజిటల్ వచ్చాక మూసేసి, డార్క్‌రూమ్ (ఫిల్ము కడిగే చీకటిగది) సామానంతా మిద్దె మీది గదిలో పడేశాడు. ఇప్పుడు ఇల్లు అమ్ముతున్నారు, గది ఖాళీ చేయాలి. "కావల్లంటే ఎత్తకపో, లేకుంటే పారబోస్తా" అన్నాడు ఫోన్లో. పారబోయడమంటే ఇంటి ముందు కాలవలోకే అని నాకు తెలుసు. మరుసటి రోజే తెలిసినవాళ్ల కారు డిక్కీలో పెట్టించుకుని తిరుపతి తెచ్చేశాను.

బయటికి తీస్తే ఇదీ సరంజామా. డి-76 అనే డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే మందు) పౌడర్ ప్యాకెట్లు రెండు. గోధుమరంగు సీసాల్లో డెవలపర్‌లో పడే మెటాల్, హైడ్రోక్వినోన్. మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బాలో సల్ఫైట్. ప్లాస్టిక్ సంచిలో హైపో గడ్డలు, నాలుగు కిలోల పైనే ఉంటాయి (వచ్చిన బొమ్మ మళ్లీ వెలుతురుకు పాడవకుండా నిలబెట్టే ఫిక్సర్ దీంతోనే చేస్తారు). రాపిడ్ ఫిక్సర్ సీసా, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, మెటాబైసల్ఫైట్, పొటాషియం బ్రోమైడ్, ఒక పటిక ముక్క. లేబుళ్లు పురుగు తినేసిన తెల్లపొడి డబ్బాలు రెండు. ఇవి కాక, ముట్టుకోవాలంటేనే భయం వేసే చిన్న సీసాలు మూడు.

మే నెలలో మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. దాన్ని ఫిల్ము మీద తీసి, ఈ డబ్బాల్లోని సరుకుతోనే కడగాలని నా పంతం. రెండు నెలల టైముంది.

ఒక నియమం ముందే పెట్టుకున్నాను. ఫిల్ము మాత్రం కొత్తదే. పాత ఫిల్మునూ పాత కెమికల్‌నూ కలిపి కడిగితే, నెగటివ్ పాడైనప్పుడు తప్పు దేనిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

మార్చి 10

ముందు ఆ మూడు చిన్న సీసాల సంగతి. ఒకదానిలో రక్తంలా ఎర్రటి స్ఫటికాలు ఉన్నాయి. లేబుల్ సగమే మిగిలినా పొటాషియం ఫెర్రీసైనైడ్ అని తెలుస్తోంది. నెగటివ్ మరీ చిక్కగా వస్తే దీన్ని హైపోతో కలిపి పలచన చేసేవాళ్లు. పేరులో సైనైడ్ ఉన్నా, దాన్నలాగే ఉంచితే పెద్ద ప్రమాదం లేదు. గాఢమైన యాసిడ్ తగిలినా, బాగా కాల్చినా విషవాయువు వస్తుంది. అందుకని యాసిడ్ సీసా ఒక గదిలో, ఇది ఇంకో గదిలో. రెండోదానిలో నారింజ రంగు స్ఫటికాలు, డైక్రోమేట్. మూడోదాని మీద పుర్రె బొమ్మ, మామ చేతిరాతలో "మెర్క్యురీ". పలచని నెగటివ్‌ను చిక్కబరచడానికి ఆ రోజుల్లో మెర్క్యురిక్ క్లోరైడ్ వాడేవారు. ఈ చివరి రెండింటికీ మూత కూడా తియ్యలేదు. చుట్టూ టేపు వేసి, తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్‌కు అప్పజెప్పాను. వాళ్ల ల్యాబ్ వ్యర్థాలతో కలిపి పంపుతారట.

పాత డార్క్‌రూమ్ సామాను ఎవరింట్లోనైనా దొరికితే ముందు చేయాల్సిన పని ఇదే. డెవలపర్ సంగతి తర్వాత.

మార్చి 12

పేరులేని తెల్లపొడులు. మామకు ఫోన్ చేస్తే, "ఒకటి వెలిగారం, ఇంకోటి బట్టల సోడా. ఏది ఏదో ఇప్పుడు చెప్పలేనురా. మేమైతే నాలిక మీద పెట్టి చూసేవాళ్లం, నువ్వట్ల చేసేవు" అన్నాడు. (ఆ స్టూడియోలో పనిచేసిన వాళ్ల గోళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. మెటాల్ పడక ఒకాయనకు చేతుల నిండా దద్దుర్లు వచ్చేవి. నేను గ్లవ్స్ లేకుండా సీసా ముట్టుకోవడం లేదు.)

రెండు పొడులనూ నీళ్లలో కలిపి పసుపు చల్లాను. రెండూ ఎర్రబడ్డాయి, సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే. అంటే రెండూ క్షారాలే, తేడా తెలియలేదు. తర్వాత వెనిగర్ పోశాను. ఒక దానిలో బుసబుసమని నురగ వచ్చింది, అది సోడా. ఇంకోటి ఉలకలేదు, పలకలేదు. అది వెలిగారం, అంటే బోరాక్స్. డి-76కి కావాల్సింది ఇదే. సోడా డబ్బాలో పైన కాస్త పొడి, కింద అంతా రాయిలా గట్టిపడిన గడ్డ.

మార్చి 16

డి-76 ప్యాకెట్లలో ఒకటి కత్తిరించాను. పొడి తెల్లగా ఉండాల్సింది, లేత గోధుమరంగులో ఉంది. అక్కడే ఆపేయొచ్చు, కానీ చూడాలనిపించింది. సగమే కలుపుదామా అన్న ఆలోచన వచ్చింది కానీ, అది తప్పు. ప్యాకెట్టులో రకరకాల పొడులు కలిసి ఉంటాయి. ఒక్కోటి ఒక్కోచోట పేరుకుంటుంది. సగం తీస్తే ఏది ఎంత వచ్చిందో తెలియదు. మొత్తం ఒకేసారి కలపాల్సిందే.

కలిపాక చూస్తే పలచని కాఫీ డికాషన్. వెలుతురు తగిలిన ఫిల్ము ముక్క ఒకటి పట్టపగలే అందులో ముంచాను. బతికున్న డెవలపర్‌లో అది కొన్ని నిమిషాల్లో నల్లబడి, అవతల దీపం పెట్టినా కనపడకుండా ఉండాలి. పది నిమిషాల తర్వాత కూడా నాది బూడిద రంగులోనే ఉంది, పైగా పసుపు మరక. రెండో ప్యాకెట్టు కూడా అంతే.

గోధుమరంగు వస్తే చచ్చినట్టేనా అంటే, అన్నిటికీ కాదు. రోడినాల్ అనే పాత డెవలపర్ ఉంది, 1891 నాటిది. అది సీసాలో నల్లని కషాయంలా మారినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. డి-76కి మాత్రం ఆ యోగం లేదు.

మార్చి 19

ఇక విడి సరుకే దిక్కు. డి-76 ఫార్ములా రహస్యమేం కాదు. సినిమా ఫిల్ము కోసం కోడాక్ వాళ్లు 1920లలో తయారు చేసింది, అప్పటినుంచి పుస్తకాల్లో ఉంది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. నగల కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా కొన్నాను. రెండు గ్రాములను వంటింటి త్రాసులో తూచలేం.

మెటాల్ తెల్లగా లేదు, తడిసిన ఇసుక రంగు. హైడ్రోక్వినోన్ సూదుల్లా మెరవాలి, కాస్త మసకబారింది. ఈ రెండూ ఇంతమాత్రం రంగు మారినా సాధారణంగా పనిచేస్తాయి. సల్ఫైట్ మాత్రం మల్లెపువ్వులా తెల్లగా, పొడిపొడిగా ఉంది. చూసి సంబరపడ్డాను.

కలిపే వరస ముఖ్యం. నీళ్లు 50 డిగ్రీల దగ్గర ఉండాలి. మొదట చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. వరస తప్పి సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. నీళ్లు మా బోరువి కాదు, వాటికి కుండకే తెల్లటి పొర కడుతుంది. క్యాను నీళ్లు వాడాను.

ముక్క ముంచితే నల్లబడింది! ఇంట్లో అందరికీ చూపించాను. మా ఆవిడ "నల్లగానే ఉంది కదా, ఇందులో ఏముంది?" అంది.

మార్చి 22

నల్లబడినంత మాత్రాన సరిపోదు. ఎంత నల్లబడిందో తెలియాలి. చంద్రగిరి కోటకు వెళ్లి, రాజమహల్ గోడ ఎదుట స్టాండు వేసి, 36 ఫ్రేములూ ఒకే ఎక్స్‌పోజర్‌తో తీశాను. సెక్యూరిటీ అతను రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఒకే గోడను ముప్పై ఆరుసార్లు తీసేవాడిని ఎక్కడా చూసి ఉండడు. ఈ రోలును ఆరేడు ఫ్రేముల ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో డెవలపర్‌లో కడగాలి. ఒక ముక్క మాత్రం కొత్తగా కొన్న డి-76లో. అది నాకు కొలబద్ద.

ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్, ఇల్‌ఫోర్డ్ కంపెనీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. డి-76ను సమానంగా నీళ్లు పోసి వాడితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. తిరుపతిలో మార్చిలో 20 డిగ్రీల నీళ్లు పట్టాలంటే గంటసేపు ఐసుతో కుస్తీ పట్టాలి. 24 డిగ్రీలకు ఏడున్నర నిమిషాలుగా లెక్క వేసుకున్నాను. పెద్ద స్టీలు బేసిన్‌లో కుండ నీళ్లు పోసి, నాలుగు ఐసు ముక్కలు వేసి, సీసాలన్నీ అందులో నిలబెట్టాను. చిక్కటి డెవలపర్ అయితే ఈ వేడికి ఐదు నిమిషాల చుట్టుపక్కలే ముగించాలి, అంత తక్కువ టైములో ఫిల్ము మచ్చలు మచ్చలుగా కడుగుతుంది. నీళ్లు కలిపి వాడటమే మేలు.

కొలబద్ద ముక్క బాగా వచ్చింది. నా ముక్క కాస్త పలచన, కానీ పనికొస్తుంది. పాస్ మార్కులు వేసుకున్నాను.

మార్చి 24

తొందరపడ్డాను. సగం ఖాళీగా ఉన్న సీసా, బయట ఎండ 38 డిగ్రీలు. ఈ రోజు తీసి చూస్తే డెవలపర్ బెల్లం పానకంలా ఉంది. ముక్క ముంచితే బూడిదరంగు. మంచి డి-76 అయితే వారాలు నిలవాలి.

మామకు చెప్తే ఒక్క మాటే అడిగాడు. "సల్ఫైట్ మీద యాసిడ్ వేసి వాసన చూసినావా? అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు రావల్ల." ఒక చిటికెడు తీసి వెనిగర్ వేశాను. ఏదో చిన్న వాసన, ఉందా లేదా అన్నట్టు. తెల్లగా మెరిసిన ఆ పొడే నన్ను మోసం చేసింది. సల్ఫైట్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సల్ఫేట్‌గా మారుతుంది. సల్ఫేట్ కూడా తెల్లపొడే. కంటికి తేడా తెలియదు. డెవలపర్‌ను గాలి నుంచి కాపాడే పని సల్ఫైట్‌ది. కాపలావాడు నిద్రపోయాడు, దొంగ లోపలికి వచ్చాడు.

మార్చి 26

ఎంత మిగిలిందో కొలవాలి. ఇంట్లో గాయాలకు వాడే పది శాతం పొవిడోన్ అయోడిన్ ఉంది. సల్ఫైట్ తగిలితే అయోడిన్ రంగు పోతుంది, సల్ఫేట్ తగిలితే పోదు. లెక్క అంతే. ల్యాబ్ సరుకు అమ్మే కొట్లో కొత్త సల్ఫైట్ అరకిలో తెచ్చాను. కొత్తది ఒక గ్రాము, పాతది ఒక గ్రాము, విడివిడిగా 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపాను. రెండింటి నుంచీ సిరంజితో ఒక్కో మిల్లీలీటరు తెల్లని పింగాణీ గిన్నెల్లో పోసి, అయోడిన్ చుక్క చుక్క వేస్తూ రంగు నిలిచేదాకా లెక్కపెట్టాను.

కొత్తదానికి 19 చుక్కలు. పాతదానికి 7.

మూడోసారి చేసినా అంతే, ఒక చుక్క అటూ ఇటూ. అంటే నేను వేసిన 100 గ్రాముల్లో అసలు సరుకు మూడో వంతు కొంచెం పైన. రెట్టింపు, మూడింతలు వేసి సరిపెట్టొచ్చా అని ఒకరడిగారు. వద్దు. అంత సల్ఫేట్ కూడా డెవలపర్‌లోకి వెళ్తుంది, అది ఫిల్మును ఏం చేస్తుందో ఇంకో పరిశోధన అవుతుంది. పాత సల్ఫైట్ డబ్బా పక్కన పెట్టేశాను. "మామ డబ్బాలతోనే" అన్న పంతంలో ఒక వికెట్ పడింది.

మార్చి 30

పాత మెటాల్, పాత హైడ్రోక్వినోన్, పాత బోరాక్స్, కొత్త సల్ఫైట్. చంద్రగిరి గోడ మూడో ముక్క. కొలబద్ద పక్కన పెట్టి కిటికీ వెలుగులో చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను. వారం నిలవ పెట్టి మళ్లీ చూడాలి.

ఏప్రిల్ 6

వారం గడిచింది. ఈసారి చిన్న సీసాల్లో మెడ దాకా నింపి, గాలికి చోటు లేకుండా పెట్టాను. రంగు మారలేదు. నాలుగో ముక్క, అదే ఫలితం.

ఇక ఫిక్సర్. రాపిడ్ ఫిక్సర్ సీసా అడుగున పసుపుపచ్చ నలుసులు తేలాయి. అది గంధకం. ఫిక్సర్ విరిగిపోయిందన్నమాట. వడగట్టి వాడితే ఆ నలుసులు ఫిల్ము మీద కూర్చుంటాయి. తీసేశాను. హైపో గడ్డలు మాత్రం భేష్. పైన కాస్త తెల్లగా పిండి కట్టింది, లోపల గాజులా ఉన్నాయి. ముప్పై ఏళ్లు సంచిలో ఉన్నా హైపోకు ఏమీ కాదని మామ అన్నది నిజమే.

లీటరుకు 250 గ్రాముల హైపో, 25 గ్రాముల మెటాబైసల్ఫైట్. హైపో నీళ్లలో కరిగేటప్పుడు చల్లబడుతుందని చదివాను కానీ ఇంత అనుకోలేదు. 31 డిగ్రీల నీళ్లు చేతికి చల్లగా తగిలి, థర్మామీటర్ 21 చూపించింది. ఎండాకాలం తిరుపతిలో ఐసు ఖర్చు లేకుండా చల్లబడే వస్తువు ఇదొక్కటే. మెటాబైసల్ఫైట్ మాత్రం హైపో పూర్తిగా కరిగి, నీళ్లు చల్లబడ్డాకే వేయాలి. వేడి నీళ్లలో వేస్తే హైపో పాలలా విరుగుతుంది.

కడగని ఫిల్ము ముక్క అందులో ముంచితే, పాలలాంటి పొర పోయి 3 నిమిషాల 40 సెకన్లకు తేటపడింది. దానికి రెట్టింపు, పైన కాస్త, అంటే 8 నిమిషాలు ఫిక్సింగ్. తేటపడే టైము ఏడు నిమిషాలు దాటిన రోజు ఈ ఫిక్సర్‌కు సెలవు.

డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌కు గ్లేషియల్ యాసిడ్ లీటరు నీళ్లలో 15 మిల్లీలీటర్లు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. దీన్ని గ్లేషియల్ అనడానికి కారణం, 16 డిగ్రీల చిల్లర దగ్గర గడ్డకట్టడం. హార్స్‌లీ కొండల మీద చలికాలంలో గడ్డకడుతుందేమో కానీ మా ఇంట్లో దానికా అదృష్టం లేదు.

ఏప్రిల్ 20

ఘోరం. అన్నీ బాగా జరిగాయని ధీమాతో మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి ముక్క కడిగాను. డెవలపర్ 24, స్టాప్ 24, ఫిక్సర్ 23. చివర్న నీళ్లతో జాడించడానికి మాత్రం కొళాయి తిప్పాను. మిద్దె మీద ట్యాంకు నీళ్లు 41 డిగ్రీలు. ఫిల్ము మీది జిలాటిన్ పొర, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ముడుచుకుంది. చంద్రగిరి గోడకు ఏనుగు చర్మం వచ్చింది.

పటిక వేయమన్నాడు మామ. వాళ్లు ఎండాకాలంలో ఫిక్సర్‌లో పటిక కలిపి జిలాటిన్‌ను గట్టిపరిచేవాళ్లు. నిజమే కానీ, గట్టిపడిన ఫిల్ములోంచి హైపో పోవడానికి ఇంకా ఎక్కువసేపు కడగాలి, దానికీ నీళ్లు కావాలి. ఏప్రిల్‌లో మా వీధిలో నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. నేను వేరే దారి పట్టాను. కుండ నీళ్లతో ఫిల్ము కడిగే చిన్న ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. ఇది ఇల్‌ఫోర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి. మొత్తం రెండు లీటర్ల లోపే అయిపోతుంది. చివర్న బ్యాటరీ కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్. పని తెల్లవారుజాము 5 లోపు ముగించాలి.

మే, జాతర వారం

చాటింపు అయింది, ఊరంతా వేపాకు. రెండు రోలులు తీశాను. జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషం రోజు ఒళ్లంతా నామకొమ్ము (తెల్లసుద్ద) పూసుకున్న పిల్లలు, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గు. బ్లాక్ అండ్ వైట్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండలో సుద్ద తెలుపు ఒకవైపు, బొగ్గు నలుపు ఒకవైపు. కుంకుమ మాత్రం ఫిల్ములో మామూలు బూడిదరంగు అయిపోతుందని ముందే తెలుసు, అందుకే ఆ రోజు ముఖాల దగ్గరికి వెళ్లాను.

రెండు రోలులూ ఒకే ట్యాంకులో కడగొచ్చు. కడగలేదు. ఏదైనా తేడా వస్తే ఒకటన్నా మిగలాలి. కడిగే ముందు మళ్లీ ముక్క ముంచి చూశాను, నల్లబడింది. ఫిక్సర్‌లో తేటపడే టైము 4 నిమిషాలు.

మొదటి రోలు, ఏడున్నర నిమిషాలు. ఫిల్మును ట్యాంకులో పెట్టే రీలుకు ఎక్కించేటప్పుడే చేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచిలో) చేతులు చెమటలు కారుతున్నాయి, ఫిల్ము మధ్యలో పట్టేసింది. బలవంతంగా తోశాను. తీసి చూస్తే రెండు ఫ్రేముల్లో ఫిల్ము ఫిల్ముకు అతుక్కున్న చోట అర్ధచంద్రాకారంలో మచ్చ. అది డబ్బాల తప్పు కాదు, నాది. మిగతా 34 ఉన్నాయి.

మామ చిత్తూరు నుంచి వచ్చాడు, జాతరకు కాదు, ఇది చూడటానికే. అద్దాలు నుదుటి మీదికి తోసి, నెగటివ్‌ను కిటికీకి పట్టి, ఒక్కో ఫ్రేము చూస్తూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, "బొగ్గు బాగుంది. నామకొమ్ము ఉడికిపోయినాది. ముక్కాలు నిమిషం ముందే దించుండల్ల" అన్నాడు.

రెండో రోలు బాత్రూమ్‌లో లైటు తీసేసి, తలుపు కింద చాప కుక్కి, ఫ్యాను గాలికి చేతులు ఆరబెట్టుకుని ఎక్కించాను. ఆరు నిమిషాల నలభై ఐదు సెకన్లు. సుద్ద పూసిన పిల్లవాడి భుజం మీద వేళ్ల గీతలు కూడా కనిపిస్తున్నాయి.

మే, తర్వాతి ఆదివారం

మిగిలింది: హైపో మూడు కిలోలు, మెటాల్ ఇంకా బోలెడన్ని లీటర్లకు సరిపడా, బ్రోమైడ్ ముట్టుకోనే లేదు. వాడిన ఫిక్సర్ మూత ఉన్న క్యానులో పోసి స్టీల్ ఊల్ వేశాను. అందులో కరిగిన వెండి దాని మీద దిగుతుంది. దిగే వెండి ఉంగరానికి కూడా చాలదు, కానీ దాన్ని కాలవలోకి వదలడం ఇష్టం లేదు. మామ రోజుల్లో ఈ నీళ్లు కొనుక్కుపోవడానికి మనుషులే వచ్చేవారట.

బస్సెక్కే ముందు ఆయన అడిగింది ఒకటే. ఆ పిల్లవాడి ఫోటో ఒకటి కాగితం మీద తీసి పంపమని. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) రెండో పెట్టెలో ఉంది. పేపర్ డెవలపర్‌కు బట్టల సోడా కావాలి. డబ్బా తలకిందులు చేసి కొట్టినా రాయి కదలలేదు. రేపు పక్కింటి నుంచి సుత్తి తేవాలి.